నీళ్లలా ఖర్చు పెడితే...

దుబారా మనిషిని చూపించి 'డబ్బుని మంచినీళ్లలా ఖర్చు పెడుతున్నాడు' అంటారు మన పెద్దలు. నీళ్లు ఊరికే వస్తాయనీ, ఎన్ని వాడినా తరగవనీ నమ్మిన రోజుల్లో పుట్టిన మాట అది. ఇప్పుడు వ్యాపారం చేసేవాళ్లు ఆ మాటను తిరగేసి చదువుకోవాల్సిన రోజులొచ్చాయి. డబ్బుని లెక్కపెట్టినంత జాగ్రత్తగా నీళ్లనూ లెక్కపెట్టకపోతే ఏమవుతుందో చెన్నై ఒకసారి చూసింది.

2019 జూన్. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి అరిటాకులు పరిచి సాంబారు గిన్నెలు సర్దే చిన్నచిన్న మెస్సులు, హోటళ్లు కొన్ని ఆ పూట భోజనాలు మానేశాయి. బియ్యం ఉంది. కూరగాయలున్నాయి. గ్యాసుంది. వంటమనిషి ఉన్నాడు. తినేవాళ్లూ ఉన్నారు. లేనిదల్లా నీళ్లు. పాత మహాబలిపురం రోడ్డు పొడవునా ఉన్న ఐటీ ఆఫీసుల్లో కొన్ని, 'ఇంటి నుంచే పనిచేయండి' అని ఉద్యోగులకు చెప్పాయి. కరోనాకి ముందు సంగతి ఇది. ఆ మాట అప్పటికి కొత్త. కోట్లు పెట్టి కట్టిన అద్దాల మేడల్లో కంప్యూటర్లు, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ ఉన్నాయి. బాత్రూముల్లో నీళ్లు లేవు. అంతే, మేడ మేడంతా పనికిరాకుండా పోయింది.

ఆ నగరానికి నీళ్లిచ్చే పెద్ద జలాశయాలు నాలుగు... పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం. మన కండలేరు నుంచి కృష్ణా నీళ్లు వెళ్లి చేరేది ఆ పూండికే. నాలుగూ కలిపి దాదాపు 11 టీఎంసీలు పడతాయి. ఆ వేసవిలో నాలుగూ దాదాపు ఒట్టిపోయాయి. జులై 12న జోలార్‌పేట నుంచి రైలు నీళ్లు మోసుకొచ్చింది. రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. వినడానికి చాలానే అనిపిస్తుంది. కానీ రోజుకి 80 కోట్ల లీటర్లకు పైనే కావాల్సిన నగరం అది. వంద చెంబులు కావాల్సిన చోట చెంబులో మూడోవంతు తెచ్చిపోసినట్టు!

అంతకు మూడున్నరేళ్ల కిందట, 2015 డిసెంబరులో, అదే చెన్నై వరదలో మునిగింది. మునిగిన ఊరే ఎండింది. అంటే, 'మా ఊళ్లో వానలు బాగానే పడతాయి' అన్న ధీమా ఏ వ్యాపారికీ పనికిరాదన్నమాట.

లెక్కల్లో కనపడని సరుకు

ఇంత ముఖ్యమైన నీటిని వ్యాపారులు ఎందుకు పట్టించుకోరు? చవక కాబట్టి. ఖాతా పుస్తకంలో జీతాలు కనిపిస్తాయి, అద్దె కనిపిస్తుంది, కరెంటు బిల్లు కళ్లు బైర్లు కమ్మేలా చేస్తుంది. నీటి ఖర్చు మాత్రం ఎక్కడో అడుగున, 'ఇతరములు' అనే వరసలో కలిసిపోతుంది.

ఓ ఊళ్లో ఓ మోస్తరు హోటలుందనుకుందాం. రోజుకి 20 వేల లీటర్లు వాడుతుంది. బోరు ఎండిపోయి అన్నీ ట్యాంకర్లే అనుకున్నా, 5 వేల లీటర్లది ఒక్కోటి 800 రూపాయల చొప్పున నాలుగు ట్యాంకర్లకి 3,200. రోజువారీ అమ్మకం 80 వేలు. అందులో నీటి వాటా నాలుగు శాతం. ఎండాకాలంలో ట్యాంకర్ ధర రెట్టింపైతే ఎనిమిది శాతం. లాభం తగ్గుతుందిగానీ హోటలు నడుస్తుంది.

మరి ట్యాంకరే రాని రోజు? ఆ రోజు పోయేది 3,200 కాదు, మొత్తం 80 వేల అమ్మకం. పాతికమంది పనివాళ్ల జీతం ఆగదు. అద్దె ఆగదు. తెల్లవారుజామున తెచ్చిన కూరగాయలు వాడిపోతాయి, పాలు విరిగిపోతాయి. రోజూ వచ్చే మనిషి పక్క వీధి హోటలుకి అలవాటు పడతాడు. రోజుకూలీ మీద గిన్నెలు కడిగే మనిషికైతే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు.

కాబట్టి యజమాని వేసుకోవాల్సిన ప్రశ్న 'నీళ్లు ఎంతకొస్తున్నాయి' అని కాదు. 'నీళ్లు రాకపోతే ఎన్ని రోజులు తట్టుకోగలను' అని. ఇడ్లీ బండికైనా ఇనుము ఫ్యాక్టరీకైనా ఈ ప్రశ్న ఒక్కటే. మొదటిదాని జవాబు బిల్లులో దొరుకుతుంది. రెండోదాని జవాబు కోసం కాస్త కష్టపడాలి.

మూడు వైపుల నుంచి ముప్పు

నీటి ముప్పు అనగానే ఎండిన చెరువే గుర్తొస్తుంది. అది ఒక వైపు మాత్రమే. పశ్చిమ బెంగాల్‌లో ఎన్టీపీసీ వారి ఫరక్కా విద్యుత్ కేంద్రం ఉంది. 2,100 మెగావాట్లది. గంగ ఒడ్డున ఉన్న కేంద్రానికి నీటి కొరత ఏమిటని ఎవరైనా అంటారు. 2016 మార్చిలో, గంగ నుంచి నీళ్లు తెచ్చే కాలువలో మట్టం పడిపోయింది. ఆవిరి చేయడానికీ యంత్రాలు చల్లబరచడానికీ నీళ్లు చాలక కేంద్రాన్ని ఆపేయాల్సి వచ్చింది. బొగ్గుంది, యంత్రాలున్నాయి, ఇంజినీర్లున్నారు. నీళ్లు లేవు. ఉద్యోగుల కాలనీకి కూడా అదే కాలువ ఆధారం కావడంతో అక్కడి కుటుంబాలూ మంచినీళ్లకు అల్లాడాయి. గంగమ్మ పక్కనే ఉంటే చాలదు... ఆమె వచ్చే దారిలో నీళ్లుండాలి.

రెండోది కోర్టు వైపు నుంచి వచ్చేది. ఇళ్లలో తొడుక్కునే బనియన్లు, టీషర్టులు ఎక్కువగా తయారయ్యే ఊరు తమిళనాడులోని తిరుప్పూర్. అక్కడి అద్దకం, బ్లీచింగ్ యూనిట్లు రంగునీళ్లని ఏళ్లతరబడి నొయ్యల్ నదిలోకి వదిలాయి. సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట వెనక రసాయనాల మడుగు తయారైంది. దిగువ పొలాలు ఉప్పుబారాయి. రైతులు న్యాయస్థానానికెక్కారు. చుక్క మురుగు కూడా బయటికి వదలకూడదన్న ఆదేశాన్ని యూనిట్లు పాటించలేదని, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు 700కి పైగా యూనిట్లను మూసేయమంది. కరవు లేదు, ఆర్డర్లున్నాయి. అయినా ఊరంతా మగ్గాల చప్పుడు తగ్గింది. ఆ వీధుల్లో పని వెతుక్కుంటూ వచ్చిన కూలీలు మూటలు సర్దుకున్నారు. నదికి పట్టిన రంగు చివరికి వాళ్ల కూటికి పట్టింది.

మూడోది ఊరు కాదంటే వచ్చేది. కేరళ పాలక్కాడ్ జిల్లాలోని ప్లాచిమడలో 2000లో కోకకోలా ప్లాంటు మొదలైంది. రెండేళ్లు తిరిగేసరికి చుట్టుపక్కల బావుల్లో మట్టం పడిపోయిందనీ, నీటి రుచి మారిందనీ జనం గేటు ముందు కూర్చున్నారు. మైలమ్మ అనే గిరిజన మహిళ ఆ ఉద్యమానికి ముఖమైంది. కంపెనీ ఆ ఆరోపణలు ఒప్పుకోలేదు. వానలు తగ్గడమే కారణమంది. 2003లో పెరుమాట్టి పంచాయతీ లైసెన్సు పొడిగించనంది. 2004 మార్చిలో ఉత్పత్తి ఆగిపోయింది. విచిత్రం ఏమిటంటే, 2005లో హైకోర్టు ధర్మాసనం కంపెనీవైపే తీర్పిచ్చింది. రోజుకి 5 లక్షల లీటర్ల వరకు తోడుకోవచ్చంది. అయినా ప్లాంటు మళ్లీ తెరుచుకోలేదు. అక్కడ తిరిగి మొదలుపెట్టే ఆలోచన లేదని 2017లో కంపెనీయే సుప్రీంకోర్టుకు చెప్పింది. కోర్టులో గెలిచినా ఊళ్లో గెలవకపోతే గేటు తెరుచుకోదు!

ఫరక్కాలో నీళ్లు లేవు. తిరుప్పూర్‌లో నీళ్లు వాడిన తీరు బాగాలేదు. ప్లాచిమడలో పక్కవాళ్ల నమ్మకం లేదు. మూడు చోట్లా జరిగింది ఒక్కటే... ఫ్యాక్టరీ ఆగింది.

మన నీళ్లు ఏ ఊరివి?

ముప్పు తెలిసింది సరే, ముందుగా ఏం చేయాలి? కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెనక్కి వెళ్లి చూడాలి. విశాఖ ఉక్కు కర్మాగారం సముద్రం ఒడ్డునే ఉంది. కానీ దాని దాహం తీర్చేది తూర్పుగోదావరి వైపున్న ఏలేరు జలాశయం. 150 కిలోమీటర్లకు పైబడిన కాలువ మీదుగా ఆ నీళ్లు రావాలి. అంటే విశాఖలో వాన పడిందా లేదా అన్నది కాదు, ఏలేరు నిండిందా అన్నది ఆ కర్మాగారానికి ముఖ్యం. చెన్నై మెస్సులో సాంబారుకి కండలేరుతో చుట్టరికం ఉన్నట్టే ఇదీ.

బోరు మీద బతికే వ్యాపారమైతే భూగర్భజల శాఖ లెక్కలు చూసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలాల వారీగా ఆ లెక్క కడతారు. ఏటా భూమిలో చేరి వాడుకోవడానికి వీలయ్యే నీటిలో 70 శాతంలోపు తోడుతుంటే ఆ ప్రాంతం క్షేమం. 90 దాటితే ప్రమాదం అంచున ఉన్నట్టు. నూరు దాటితే, వడ్డీ చాలక అసలు తినేస్తున్నట్టు. షెడ్డు వేసే ముందు వాస్తు చూస్తారు, రోడ్డు చూస్తారు, కరెంటు లైను చూస్తారు. మండలం ఏ రకంలో ఉందో చూసేవాళ్లు ఎంతమంది? బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఎలాగూ ఉంది. ఆ చట్టం కోసం కాకపోయినా తన పెట్టుబడి కోసమైనా చూసుకోవాలి.

ఇంకో మెలికుంది. కొన్ని వ్యాపారాలకు కుళాయిలో నీళ్లున్నా ముప్పు తప్పదు. పచ్చిబియ్యం ఆడే మిల్లుకి నీళ్లతో పెద్ద పనిలేదు. కానీ చెరువు నిండని ఏడు ధాన్యం ఎక్కడి నుంచి వస్తుంది? జిన్నింగ్ మిల్లుకి బకెట్ నీళ్లు చాలు. కానీ పత్తి చేను వాన కోసం చూస్తుంది. సరుకు పండే ఊరి వాన కూడా మిల్లు యజమాని లెక్కలోకి రావాలి. ఒకే ప్రాంతం సరుకు మీద ఆధారపడకుండా రెండు మూడు చోట్ల రైతులతో పరిచయం పెట్టుకునే వ్యాపారి, తెలియకుండానే నీటి ముప్పును తగ్గించుకుంటున్నట్టు.

మీటరు పెట్టిన మర్నాడు

నీళ్లు ఎక్కడివో తెలిశాక, ఎంత వాడుతున్నామో తెలియాలి. చాలాచోట్ల గేటు దగ్గర ఒక్క మీటరుంటుంది, లేదా అదీ ఉండదు. వంటింటికి ఒకటి, బాత్రూములకు ఒకటి, తోటకు ఒకటి, యంత్రాలకు ఒకటి మీటరు పెడితే బండారం బయటపడుతుంది. రాత్రి అందరూ ఇళ్లకెళ్లాక కూడా ముల్లు తిరుగుతోందంటే ఎక్కడో పైపు కారుతోందన్నమాట. ఖర్చులేకుండా దొరికే మొదటి నీళ్లు అవే.

మొత్తం వాడకం చూస్తే చాలదు. హోటలైతే భోజనానికి ఎన్ని లీటర్లు, లాండ్రీ అయితే కిలో బట్టలకు ఎన్ని లీటర్లు, అద్దకమైతే కిలో గుడ్డకు ఎన్ని లీటర్లు... అలా చూడాలి. వ్యాపారం పెరిగితే మొత్తం నీళ్లు పెరగడం సహజం. భోజనానికయ్యే నీళ్లు పెరిగాయంటే మాత్రం ఎక్కడో తప్పు జరుగుతోంది.

బెంగళూరుకి ఇది 2024లో తెలిసొచ్చింది. ఆ మార్చిలో బోర్లు ఎండిపోయి నగరం అల్లాడింది. తాగునీటితో కార్లు కడిగినా, మొక్కలు తడిపినా, భవనాలు కట్టినా 5 వేలు జరిమానా అంది అక్కడి జలమండలి. హోటళ్లు, మాల్స్‌లాంటి చోట్ల కుళాయిలకు ఏరేటర్లు పెట్టి తీరాలంది. కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడలాంటి వస్తువది. గాలిని కలిపి ధారను పంచుతుంది. చేయి కడుక్కునేవాడికి తేడా తెలియదు, నీళ్లు మాత్రం సగానికి సగం మిగిలే వీలుంది. అదేదో ముందే పెట్టుకునుంటే? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, జరిమానా వేస్తామన్నాక బజారుకి పరిగెత్తాల్సిన అవసరం ఉండేది కాదు.

మురుగులో దొరికిన ధైర్యం

పొదుపు కొంతవరకే. ఆ తర్వాత రెండో దారి వెతుక్కోవాలి. చెన్నై ఉత్తరాన ఉన్న మణలిలో చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం ఉన్నాయి. కరవు వచ్చినప్పుడల్లా తాగునీళ్లు ముందు జనానికి, మిగిలితేనే ఫ్యాక్టరీలకు. అది న్యాయమే. మరి ఫ్యాక్టరీ ఏం కావాలి? 1990లలోనే అవి ఊరి మురుగువైపు చూశాయి. నగరం శుద్ధి చేసి వదిలే మురుగునీటిని కొని, మళ్లీ వడగట్టి వాడుకోవడం మొదలుపెట్టాయి. వాన పడినా పడకపోయినా ఊళ్లో జనం ఉన్నంతకాలం మురుగు వస్తూనే ఉంటుంది. కరవులోనూ ఎండని నది అదొక్కటే!

2019 కరవు ఏడాదే కోయంబేడు, కొడుంగయ్యూరులలో రోజుకి నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగుని పరిశ్రమలకు పనికొచ్చేలా శుద్ధి చేసే రెండు ప్లాంట్లు మొదలయ్యాయి. శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపున్న ఫ్యాక్టరీలకు ఒకటి, మణలికి మరొకటి. నాగపూర్ మురుగు కొరాడి విద్యుత్ కేంద్రానికి వెళుతోంది. మురుగు శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపున్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని కేంద్రం 2016లో తెచ్చిన విద్యుత్ టారిఫ్ విధానం కూడా చెబుతోంది. తిరుప్పూర్ కూడా ఆ దెబ్బ తర్వాత మురుగుని శుద్ధి చేసి తిరిగి అద్దకానికే వాడుకునే దారి పట్టింది.

ఇదేమీ ఉచితం కాదు. పొరల్లోంచి నీటిని నెట్టి వడగట్టడానికి, మిగిలిన ఉప్పునీటిని ఆవిరి చేయడానికి కరెంటు బాగా కాలుతుంది. మిగిలే ఉప్పు మడ్డిని ఎక్కడ పెట్టాలన్నది మరో తలనొప్పి. లీటరు ధర చూస్తే బోరునీళ్లే చవక. కానీ పైన హోటలు లెక్క గుర్తుందిగా? పోల్చాల్సింది లీటరు ధరతో కాదు, గేటు మూసిన రోజు నష్టంతో.

పక్కవాడి బావి

ఇన్ని చేసినా ఒక్కడే చేస్తే సరిపోదు. ఎందుకంటే నీళ్లకు గోడలుండవు. ఒక షెడ్డువాడు 500 అడుగులు వేస్తే పక్క షెడ్డువాడు 800 వేస్తాడు. మొదటివాడు మళ్లీ వెయ్యికి దిగుతాడు. మన రైతులు ఏళ్లుగా చూసిన పోటీ బోర్ల కథే ఇది. అందులో గెలిచినవాడు ఎవరూ లేడు, బోరు లారీవాడు తప్ప.

తైవాన్ ఉదాహరణ చూడండి. 2020లో ఆ దీవిని ఒక్క తుపానూ తాకలేదు. 2021 నాటికి 56 ఏళ్లలో ఎరగని కరవు. ప్రపంచానికి కంప్యూటర్ చిప్‌లు అందించే టీఎస్‌ఎంసీ కంపెనీ ట్యాంకర్లు మాట్లాడుకుంది. ప్రభుత్వం వేల హెక్టార్ల వరిపొలాలకు నీళ్లు ఆపి, రైతులకు పరిహారం ఇచ్చింది. చిప్‌లు ఆగలేదు. కానీ 'మా పొలం ఎండబెట్టి ఫ్యాక్టరీకి ఇస్తారా' అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. పరిహారంతో ఒక ఏడు గడుస్తుంది. ప్రతి ఏడూ గడవదు.

అందుకే తెలివైన సంస్థలు గోడ అవతల కూడా ఖర్చు పెడతాయి. ఊరి చెరువులో పూడిక తీయిస్తాయి, కాలువ బాగు చేయిస్తాయి, ఇంకుడు గుంతలు తవ్విస్తాయి. ఫొటో కోసం కాకుండా నిజంగా చేస్తే అది దానం కాదు, సొంత బోరుకి కట్టే బీమా. ఎంత తోడుతున్నామో పంచాయతీ గోడ మీద రాసిపెట్టగలిగిన కంపెనీకి గేటు ముందు ధర్నా భయం సగం తగ్గుతుంది. పారిశ్రామికవాడలో పదిమంది చిన్న యజమానులు కలిస్తే, ఒక్కొక్కరికి మోయలేని శుద్ధి ప్లాంటు అందరికీ కలిపి ఒకటి వస్తుంది.

ఇక మన హోటలు దగ్గరికొద్దాం. దానికి చిప్‌ల ఫ్యాక్టరీ అంత హంగామా అక్కర్లేదు. రెండు రోజులకు సరిపడా సంపు, నాలుగు మీటర్లు, కుళాయిలకు ఏరేటర్లు, డాబా మీది వాననీటికి ఓ ఇంకుడు గుంత, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు వెళ్లే పైపు. ట్యాంకర్‌వాడు ఒక్కడే కాకుండా ఇంకొకడి ఫోన్ నంబరు. వీటన్నిటికీ అయ్యే ఖర్చుని, హోటలు మూసిన నాలుగైదు రోజుల అమ్మకంతో పోల్చి చూసుకుంటే యజమానికి నిద్ర పడుతుంది.

ఉగాదికి కొత్త ఖాతా పుస్తకం తెరిచి, పసుపు కుంకుమ పెట్టి మొదటి పేజీ రాస్తారు చాలామంది వ్యాపారులు. ఈసారి ఆ పేజీలో రొక్కం, సరుకు, అప్పులతో పాటు ఇంకో వరస కూడా గీసుకుంటే మంచిది. అక్కడ రాయాల్సింది రూపాయలు కాదు. 'నీళ్లు... ఎన్ని రోజులకు?'